నాలా అవతల ఎనిమిది మంది

భుయ్యాడీహ్‌లో రత్నం నోటికి జడవనివాడు లేడు. టెక్కలి దగ్గర పల్లె నుంచి ఇరవయ్యేళ్ళప్పుడు తవిటయ్య పెళ్ళాంగా, హిందీ వాళ్ళ ఊళ్ళోని ఈ బస్తీకి వచ్చింది. అతను కార్ఖానాలో కాంట్రాక్టు కూలీ. వచ్చిన కొత్తలో హిందీ ఒక్క ముక్క రాక, కుళాయి దగ్గర ఎవరైనా తన బిందె పక్కకి నెట్టేస్తే ఏడుస్తూ ఇంటికొచ్చిన మనిషి. పదేళ్ళు తిరక్కుండా ఆ రత్నమే బస్తీ ఆడవాళ్ళని వెంటేసుకుని ఆఫీసుల మీదికి వెళ్ళింది. చీకటి సందులకి దీపాలు వేయించింది, ఎండాకాలం నీళ్ళ ట్యాంకరు రప్పించింది. ఆమె గేటు దగ్గర కనబడితే గుమాస్తా టీ తాగడానికి వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోయేవాడు.

ఈమధ్య ఆమె పట్టు అంగన్‌వాడీ మీద పడింది. బస్తీలో తల్లులంతా పొద్దున్నే పాచిపనికో కాంట్రాక్టు పనికో పోతారు. ఉన్న అంగన్‌వాడీ లారీలు తిరిగే రోడ్డుకి అవతల. పసివాళ్ళని ఇంట్లో ఉంచి గడియ పెట్టి పోయేవాళ్ళున్నారు. రత్నం వంటపనికి వెళ్ళిన ఒకనాడు కోడలు త్రివేణి కూడా బిడ్డని పాత చీరతో మంచం కోడుకి కట్టేసి పనికి పోయింది. తిరిగొచ్చి అది చూసిన రత్నం ఆ పూట అన్నం తినలేదు. మర్నాడే అర్జీ పెట్టింది.

ఆరేళ్ళలోపు పిల్లలు ముప్పై మంది ఉంటే కొత్త కేంద్రం ఇస్తామని, సూపర్‌వైజర్ వచ్చి కళ్ళారా చూసి రాసుకుంటుందని జవాబొచ్చింది. రత్నం ఇల్లిల్లూ తిరిగింది. ఇరవై మూడు మంది తేలారు.

బస్తీ చివర పారే మురుగు నాలా అవతల ఆరిళ్ళున్నాయి. వాళ్ళూ శ్రీకాకుళం వైపు వాళ్ళే. తాతల నాడు ఈ ఊరి వీధులు ఊడవడానికి వచ్చి, నేటికీ అదే పని చేస్తున్నారు. ఆ ఇళ్ళలో ఎనిమిది మంది పిల్లలున్నారని రత్నానికి తెలుసు. అయినా నాలా దాటలేదు. "ఆళ్ళ పిల్లలొచ్చి కూకుంటే మనోళ్ళు పంపరే" అంది త్రివేణితో. ఎవరన్నారామాట? ఎవరూ అనలేదు. అనుకున్నది రత్నమే. ఊరి అవతలి కొసన పర్సుడీహ్‌లో ఉన్న చెల్లెలికి ఫోను చేసి, ఆ వీధి పిల్లల్ని ఏడుగురిని ఒక్కపూటకి పంపమంది. ఉప్పూ పప్పూ చేబదులు తెచ్చుకోవడం విన్నాం గానీ, పిల్లల్ని తెచ్చుకున్న ఘనత మాత్రం రత్నానిదే.

సూపర్‌వైజర్ వచ్చే రోజు తెల్లవారగానే నాలా అవతల ఇళ్ళలో ఉండే అమ్మణ్ణిని పిలిచింది. "మేడమొత్తంది, క్లబ్బు గది ముందర శుబ్బరంగా ఊడిసీ" అని పురమాయించింది. మేడం ఎందుకొస్తోందో చెప్పలేదు.

సూపర్‌వైజర్ సోనీ మేడం పదింటికి స్కూటీ మీద వచ్చింది. పిల్లలు బస్తీ క్లబ్బు గదిలో వరసగా కూర్చున్నారు. లెక్క సరిగ్గా ముప్పై. పేర్లు రాసుకుంటూ ఆవిడ నాలుగేళ్ళ వెన్నెలని, "ఘర్ కహాఁ హై, బేటా?" అని ఇల్లెక్కడో అడిగింది. భుయ్యాడీహ్ అని చెప్పమని ఆ పిల్లకి దారి పొడుగునా నేర్పుతూనే తెచ్చారు.

"పర్సుడీహ్," అంది వెన్నెల. "ఆటో సే ఆయే. బిస్కుట్ కబ్ మిలేగా?"

ఆటోలో వచ్చామని చెప్పేసి, ఇస్తామన్న బిస్కట్టు ఎప్పుడని కూడా అడిగింది. రత్నం తేలు కుట్టిన దొంగలా ఉండిపోయింది. మేడం కోప్పడలేదు, కోప్పడినా బాగుండేది. ఒక్కొక్కరినే అడిగి ఏడు పేర్లు కొట్టేసింది. తర్వాత కిటికీలోంచి చూసి, ఆ నాలా అవతల పిల్లలు లేరా అని హిందీలో అడిగింది.

"ఓ లోగ్ పర్మినెంట్ నహీఁ హై, మేడం," అంది రత్నం, వాళ్ళు ఇక్కడ స్థిరంగా ఉండేవాళ్ళు కారన్నట్టు.

అనేశాక చూసింది. గుమ్మం బయట చీపురుతో అమ్మణ్ణి నిలబడి ఉంది. అమ్మణ్ణి తండ్రి పుట్టింది కూడా నాలా అవతలి ఆ ఇంట్లోనే. ఆమె చీపురు గోడకి ఆనించి నాలా వైపు వెళ్ళిపోయింది. నలుగురిని పోగేసుకొచ్చి కడిగేస్తుందనుకుంది రత్నం. తనైతే అదే చేసేది.

ఇరవై మూడు మందికి కేంద్రం రాదు, వచ్చే ఏడాది చూద్దాం అంటూ మేడం కాగితాలు సర్దుకుంది. గదిలో తల్లులందరూ రత్నం మొహంలోకి చూస్తున్నారు.

అంతలో అమ్మణ్ణి తిరిగొచ్చింది. వెంట ఎనిమిది మంది పిల్లలు. మొహాలు కడిగి, తలలు తడిపి దువ్వింది. గుమ్మం ఎక్కకుండా కింద మట్టిలోనే వరసగా నిలబెట్టింది.

"పిల్లలు తగ్గిపోనారంట గదమ్మా. ఈల్ల పేర్లు రాయించీయండి," అంది తెలుగులో, గొంతు తగ్గించి. "లెక్కకే లెండి. సెంటరొచ్చీసినాక మేం పంపం. మీకేటీ ఇబ్బంది ఉండదు."

"క్యా బోల్ రహీ హై?" ఏమంటోందని మేడం రత్నం కేసి తిరిగింది.

రత్నం హిందీలో చెప్పబోయింది.  అప్పుడు తట్టింది ఆమెకి. అమ్మణ్ణికి హిందీ రాకపోవడమేమిటి? ఈ ఊళ్ళోనే పుట్టింది, రోజూ రోడ్డు మీద మేస్త్రీతో హిందీలోనే తగువు పడుతుంది. రత్నం కంటే బాగా వచ్చు. నేరుగా మేడంతోనే చెప్పొచ్చు. పరాయి మనిషి ముందు రత్నం పరువు పోకూడదని, ఆ మనిషికి తెలియని మాటల్లో చెప్పింది.

రత్నానికి తల కొట్టేసినట్టయింది. ముప్పై ఏళ్ళలో ఏ ఆఫీసులో ఎవరు తిట్టినా పడని సిగ్గు ఆ నిమిషంలో పడింది.

"వీళ్ళు ఇక్కడి పిల్లలే మేడం," అంది చివరికి, హిందీలో, అందరూ వినేలా. "ఎప్పట్నుంచో ఉన్నారు. నేనే రాయలేదు."

మేడం ఆమెని ఒకసారి చూసి, కాగితం మళ్ళీ తీసింది. పేర్లు చెప్పమంది. బస్తీలో కుక్కల పేర్లు కూడా చెప్పగల రత్నానికి ఆ ఎనిమిది మందిలో ఒక్కరి పేరూ తెలియదు.

గుమ్మం దిగి, మొదటి పిల్ల ముందు వంగింది. "నీ పేరేటమ్మా? రా, లోపలికి రా," అంటూ చెయ్యి పట్టుకోబోయింది.

ఆ పిల్ల రెండు చేతులూ వెనక్కి దాచేసుకుంది. "మిమ్మల్ని ముట్టుకోవద్దని మా మామ్మ సెప్పింది," అంది.