సముద్రం దాటిన మట్టిగడ్డ

మోర్వాల్ వారి కోటలో ముసలి నౌకరు తుర్‌స్టాన్ రోజూ పొద్దున్నే ఒక కుండీలోని పచ్చికకు నీళ్లు పోసేవాడు. పోసేటప్పుడు ముఖం పక్కకు తిప్పుకునేవాడు. ఆ వంశానికి సముద్రానికి ఇటు నార్మండీలోనూ అటు ఇంగ్లండులోనూ భూములున్న రోజుల్లో, పొలం ఇచ్చేవారు ఆ నేల గడ్డనే చేతిలో పెట్టాలి. అప్పుడే అది చెల్లినట్టు. దొరసాని ఎమెలీన్‌కు ఆమె తండ్రి ఇంగ్లండులో పొలం ఇస్తే, గడ్డ తెచ్చింది తుర్‌స్టానే. నడిసముద్రంలో ఒక అల పడవలోకి దూకి దాన్ని కరిగించి తాగేసింది. ఆ లెక్కన పొలానికి అసలు హక్కుదార్లు చేపలే! తుర్‌స్టాన్ రేవులో దిగి, ఇవతలి దారిపక్కన ఇంకో గడ్డ పెళ్లగించి దొరసాని చేతిలో పెట్టాడు; కుండీలో ఉన్నది అదే. ఏడాది తిరక్కుండా ఇవతలి రాజూ అవతలి రాజూ కలియబడ్డారు, అవతలి భూములన్నీ పోయాయి. తప్పు రాజులదని లోకమంతా అంది. తనదేనని తుర్‌స్టాన్ నమ్మాడు.

దొరసాని మంచం పట్టాక అతన్ని పిలిచింది.

"ఒరే ముసలాడా, ఆ గడ్డను నా గుండెల మీద పెట్టి పూడ్చండిరా. నే పుట్టిన నేల."

"అమ్మగారూ, అదీ..."

"ఏం, ఎండబెట్టి చంపావా?"

"లేదమ్మా. పచ్చగానే ఉంది."

ఆమెను పూడ్చే రోజున తుర్‌స్టాన్ రేవుకు వెళ్లి ముంతెడు సముద్రపు నీళ్లు తెచ్చి ఆమె గుండెల మీది ఆ గడ్డపై పోశాడు. అసలు గడ్డ కరిగింది అందులోనే కదా. తీర్థమనుకొని పాదిరిగారు సిలువ గుర్తు వేసుకున్నారు. తుర్‌స్టాన్ తలెత్తలేదు.