శుక్రవారం గంగాళం

మా అమ్మకు శుక్రవారమంటే ఇల్లంతా నిండుగా ఉండాలి. మా గోదావరి వైపు నుంచి విశాఖ ఉక్కునగరం క్వార్టర్‌కు ఆవిడతోపాటే వచ్చిన ఇత్తడి గంగాళం గుమ్మం పక్కన ఉంటుంది. అందులో నీళ్ళు, నీళ్ళ మీద చామంతులు. శుక్రవారం దాన్ని ఒంపితే లక్ష్మి వెళ్ళిపోతుందని ఆవిడ నమ్మకం. మిగతా రోజుల్లో ఒంపే తీరిక ఎవరికీ లేదు. వాడిన పూలు తీసి, తగ్గిన నీళ్ళు పోసి, కొత్త పూలు వేయడమే.

మా ఖర్మకు, దోమలు పెరగకుండా నీళ్ళ పాత్రలన్నీ ఖాళీ చేయించే డ్రై డే కూడా శుక్రవారమే. ఆరోగ్య కార్యకర్త వచ్చి డ్రమ్ములూ కూలరూ చూసేది. గంగాళం మీదికి వంగబోతే, "అది దేవుడి నీళ్ళమ్మా" అనేవాణ్ణి. ఆమె చెంపలేసుకుని వెనక్కి తగ్గేది. అమ్మతో గొడవ తప్పినందుకు నాకు హాయిగా ఉండేది.

అంతటితో ఊరుకున్నానా? మేడ మీద ఉండే నా షిఫ్టు స్నేహితుడికి పాఠాలు చెప్పాను. వాళ్ళది హార్బర్ దగ్గర చేపల వేట చేసే కుటుంబం. తమ్ముడు చేపలు పంపే థర్మకోల్ పెట్టెలు డాబా మీద పడి ఉంటే, "అందులో వాన నీళ్ళు చూశావా, మమ్మల్నందర్నీ చంపుతావా" అని మెట్ల మీద నలుగురూ వినేలా అరిచాను. అతను నవ్వి, "నిజమే బావా" అని ఆ పూటే అన్నీ విరగ్గొట్టి పారేశాడు.

ఈ వానల్లో అతని భార్యకు డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయన్నారు. చివరికి ఆమె కోలుకుందిగానీ, అప్పటికి బతుకుతుందన్న ధైర్యం ఎవరికీ లేదు. శుక్రవారం పొద్దున బట్టల కోసం ఆసుపత్రి నుంచి వచ్చినవాడు మా గుమ్మం దగ్గర ఆగాడు.

"ఓ పువ్వు తీసుకుంతాను బావా. అమ్మ పూజ సేసినది. దాని తలగడ కింద ఎడతాను."

చామంతి ఎత్తాడు. దాని కింద దోమపిల్లలు తోకలాడిస్తూ గిలగిలా ఈదుతున్నాయి. అతను చూశాడు. నేనూ చూశాను. సిగ్గుతో చచ్చిపోయాను. అతను పువ్వు కింద పడేసి, గంగాళాన్ని రెండు చేతులతో వాకిట్లోకి ఒంపేశాడు.

చప్పుడుకు అమ్మ బయటికొచ్చింది. "శుక్రవారం పూట నిండు గంగాళం ఒంపిందెవర్రా?"

"నానేనమ్మా. సూసుకోనేదు, కాలు తగిలీసినాది."

"ఇలా లక్ష్మిని కాలదన్నబట్టే నీ ఇంటికి ఈ కష్టం" అంది అమ్మ.

అతను తలవంచుకుని విన్నాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. కాదమ్మా అనలేదు.