అడగనివన్నీ పీకేసే బాబాయి

మా ఆఫీసులో కంప్యూటర్లు చూసే బాబాయికి ఒక్కటే పిచ్చి. మనం అడక్కుండా వచ్చింది ఏదైనా సరే, పీకి పారెయ్యాల్సిందే. ఆయన మాలో ఎవరికీ బాబాయి కాదు. ఆ పిలుపు మాత్రం అడక్కుండా వచ్చినా ఎందుకో ఉంచుకున్నాడు.

కొత్త కంప్యూటరు వస్తే చాలు, అందులో కంపెనీవాడు ముందే కుక్కి పంపిన సరుకు చూసి పళ్ళు నూరేవాడు. "ఈ పేకాట మనం అడిగామా? ఈ వాతావరణం మనం అడిగామా? వానొస్తే కిటికీలోంచి కనబడదూ?" అంటూ తను రాసుకున్న స్క్రిప్టు వదిలేవాడు. ఏమేం తుడిచెయ్యాలో కంప్యూటరుకి వరుసగా చెప్పే నాలుగు ముక్కలే అది. నల్లటి తెరమీద అక్షరాలు గబగబా పరుగెత్తేవి, అనవసరపు సరుకంతా మాయమయ్యేది.

ఒక్కోసారి ఊపు ఎక్కువయ్యేది.

"బాబాయ్, నా కాలిక్యులేటర్ ఏదీ?" అని అకౌంటెంటు లబలబలాడాడు ఓసారి.

"నువ్వు అడిగావా?"

"ఇప్పుడు అడుగుతున్నాగా!"

"అదీ! అడిగితే పెడతాను."

ఇంట్లోనూ ఇదే వరస. కొత్త సోఫాతోపాటు ఊరికే ఇచ్చిన దిండ్లను మోసుకెళ్ళి షాపులో తిరిగిచ్చేశాడు. "ఈయనతోపాటు ఈ పిచ్చిని నేను అడిగానా?" అని పిన్ని నా దగ్గర మొత్తుకుంది.

మా మేనేజరుది ఇంకో రకం పిచ్చి. తను తప్ప అందరూ పనిదొంగలే. తనతో సహా అందరికీ కొత్త కంప్యూటర్లు తెప్పించి, వాటిలో ముందే నిఘా సాఫ్ట్‌వేర్ వేయించాడు. ఎవరి చెయ్యి ఎంతసేపు ఆగిందో అది లెక్కగట్టి వారం వారం నేరుగా యజమానికి పంపుతుందట. "బద్ధకస్తుల్ని ఇంటికి పంపడమే," అన్నాడు టైపిస్టు అక్కయ్య వైపే చూస్తూ.

అక్కయ్యకి మణికట్టు విరిగి అతుక్కుంది. కాసేపు టైపు చేస్తే కాసేపు చెయ్యి ఒళ్ళో పెట్టుకుని నొక్కుకోవాలి. అయినా ఏ రోజు పని ఆ రోజే పూర్తి చేస్తుంది. నిఘాకి చెయ్యి ఆగడం తెలుస్తుందిగానీ నొప్పి తెలుస్తుందా? ఆవిడ జీతం మీదే ఇల్లు నడుస్తోంది. ఆవిడ మొహంలో నెత్తురుచుక్క లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

బాబాయి పెట్టెలు విప్పాడు, కంప్యూటర్లు బిగించాడు, వెళ్ళిపోయాడు.

వారం తిరిగేసరికి యజమాని ఊడిపడ్డాడు. చేతిలో నివేదిక. అందులో ఒక్కటే పేరు, మేనేజరుది. భోజనం చేశాక సాయంత్రందాకా ఏ రోజూ ఆయన చెయ్యి కదలనే లేదట!

"మిగతావాళ్ళవి ఏవయ్యా?" అని యజమాని గద్దించాడు. మేనేజరు బాబాయి మీద విరుచుకుపడ్డాడు.

"కంప్యూటర్లతోపాటే వచ్చింది సార్. వీళ్ళెవరూ అడిగినట్టు లేదని తీసేశా," అన్నాడు బాబాయి అమాయకంగా.

"నేను అడిగాను కదయ్యా!"

"అందుకే మీది ఉంచాను సార్."

యజమాని నవ్వాపుకోలేక అటు తిరిగాడు. మేనేజరు చెమట తుడుచుకున్నాడు. "నాది కూడా తీసెయ్. ఇక ఎవరికీ వద్దు. దాని ఊసే ఎత్తకు!"

"ముందే అనుకున్నావు కదూ?" అన్నాను తర్వాత బాబాయితో.

"ఇంకెవరైనా తీస్తే కుట్ర అంటారురా. నేను తీస్తే, ఆయన పిచ్చి అంతేలే అంటారు."

ఆయన మీద నాకు వల్లమాలిన ప్రేమ పుట్టుకొచ్చింది.

ఆ పూట అక్కయ్య మేనేజరు కళ్ళెదుటే చెయ్యి ఒళ్ళో పెట్టుకుని తీరిగ్గా నొక్కుకుంది. మేనేజరు చూశాడు. తన కీబోర్డు మీద టకటకా ఏదో కొట్టడం మొదలుపెట్టాడు.