కరెంటు రంగు

నిన్న కూరకు బంగాళాదుంపలు కోస్తుంటే ఒకదాని మీద ఆకుపచ్చ మరక కనబడింది. ఒడిశాలోని బిస్సమ్ కటక్‌లో మా ఉల్లి, దుంపల కొట్టు గుర్తొచ్చి నవ్వుకున్నాను.

నాకప్పుడు పదకొండేళ్లు. మాటిమాటికీ బ్యాటరీలు కొనలేక తాత రేడియో మూగబోయింది. లైబ్రరీలోని ఒడియా పుస్తకం కూడబలుక్కుంటూ చదివి, పాడైన టేప్‌రికార్డర్ భాగాలతో ఎలిమినేటర్ చేశాను. బ్యాటరీలు లేకుండా కరెంటుతో రేడియోను నడిపించే పెట్టె అది. కానీ దాని రెండు తీగల్లో ప్లస్ ఏదో తెలియలేదు. చూద్దామంటే మీటరు లేదు.

"అమ్మీ, తిరగేసి పెట్టేవంటే నా రేడియో కాలిపోతాది!" అన్నాడు తాత.

"ఏది ప్లస్సో దుంప సెప్తాది తాతా." కోసిన దుంపలో రెండు తీగలూ గుచ్చమని ఆ పుస్తకంలోనే ఉంది.

"దుంపేటే సెప్తాది? కూరొండుకోమనా?"

తీగలు గుచ్చి స్విచ్ వేశాను. చూస్తుండగానే ఒక తీగ చుట్టూ ఆకుపచ్చ రంగు ఊరింది.

"తాతా, కరెంటు పచ్చగా ఉంటాది! ఇదే ప్లస్!" అని అరిచాను. ఆ తీగను రేడియో ప్లస్సుకు కలిపాను. కాస్త గరగర, ఆ వెంటనే తెలుగు పాట!

అది కరెంటు రంగు కాదని, రాగితీగ చిలుమని చాలా ఏళ్లకు చదివాను. ఆ సాయంత్రం మాత్రం తాత మా కొట్టుకు వచ్చిన ప్రతివాడికీ దుంప చూపించి, "కరెంటుది ఏ రంగో మా అమ్మి కనిపెట్టీసింది" అని చెప్పాడు.