నేను ఎక్కని బండ

నేను ఎక్కని ఒక కొండను ఎక్కానని చెప్పాను. ఇన్నేళ్లుగా మోస్తున్నది ఇదే. రాసి చూస్తే ఒక్క వాక్యం. ఇంత చిన్న మాట బయటపెట్టడానికి ఇంతకాలం పట్టిందా అని మీరు అడగవచ్చు. నేనూ నన్ను అదే అడుగుతూనే ఉన్నాను.

దినపత్రికలో పనిచేశాను. కోలారు జిల్లా వార్తలు పంపేవాణ్ణి. ఒక ఎండాకాలం చివర శనివారం పేజీకి, ఆదివారం ఒక్కరే పోయి ఎక్కి రాగలిగిన గుట్టలు మూడు రాయమన్నారు. మరీ సులువు కాకూడదు, తాళ్లు కావలసినంత కష్టమూ కాకూడదు. అక్కడక్కడ చేతులు ఆనించి బండలు పాకితే చాలు. మొదటి రెండూ నేను ఎక్కినవే. మూడోది ముళబాగిలు దారిలో కనిపించే గుట్ట. దాన్ని సగమే ఎక్కాను. చెట్లు అయిపోయి, నున్నటి బండ ఒకటి వాలుగా పైకి పోయేచోట ఇంక పైకి పోలేక కూర్చుండిపోయాను. మేకలు తోలుకుని దిగుతున్న ఒకామెను పైన ఏముందని అడిగాను. బండ గుంటలో దొన ఉంది, ఎండల్లో కూడా నీళ్లుంటాయి అంది. ఆ మాట పట్టుకుని దిగివచ్చి, పైన దొనలో నీళ్లు చల్లగా ఉంటాయని రాశాను. ఆఫీసులో ఎవరూ ఏమీ అడగలేదు.

మునిరత్నం అడిగాడు. అది అతని అసలు పేరు కాదు.

ఆండర్సన్‌పేటలో మా వీధి చివరే అతని ఇల్లు. తండ్రి చాంపియన్ రీఫ్స్ బంగారు గనిలో దిగిన మనిషి. ఇతను గనులు మూతపడ్డాక పెరిగినవాడు. పొద్దున్నే రైల్లో బెంగళూరు పోయి, చీకటిపడ్డాక వచ్చేవాడు. వారమంతా జనంలో నలిగేవాడికి ఒక్క ఆదివారమైనా ఎవరూ తగలని చోటికి పోవాలని ఉండేది. పేపరు పట్టుకుని టీ అంగడి దగ్గర నన్ను ఆపాడు. మూడిట్లో దేనికి పోవాలో తేలడం లేదన్నాడు. తర్వాత నా పొట్ట చూసి నవ్వాడు.

"నిజం చెప్పండి సార్. స్టేషన్ మెట్లెక్కితేనే నిలబడి ఊపిరి తీసుకుంటారు. ఆ మూడోది మీరే ఎక్కినారా?"

అంగట్లో ఉన్నవాళ్లందరూ నవ్వారు.

"ఒంటిగానే ఎక్కినానప్పా. దానికే పో," అన్నాను.

ఎందుకన్నాను? అతను చెడిపోవాలని కాదు. నలుగురి ముందు నా పొట్ట పరువు కాపాడుకోవాలని. అంతకన్నా పెద్ద కారణం ఏదైనా దొరుకుతుందేమోనని ఎంతో వెతికాను, పెద్ద కారణం ఉంటే తప్పు కూడా కొంచెం గౌరవంగా కనిపిస్తుంది కదా అని. దొరకలేదు.

ఆ శనివారం రాత్రి మొదటి వాన పడింది. ఎండిన పాచి తడిస్తే బండ సబ్బులా జారుతుందని నాకు తెలుసు. తెల్లవారి లేచి తడిసిన వీధిని చూశాను. ఈపాటికి బయలుదేరి ఉంటాడులే అనుకున్నాను. వీధి చివరిదాకా నడిచి చూడలేదు.

ఆ నున్నటి బండ మీదే జారాడు. నడుము విరిగింది. మళ్లీ నడవలేదు. ఇప్పుడు అతని భార్య అదే రైల్లో బెంగళూరు పోతోంది. అతను పడిన వార్త పేపరుకు పంపింది కూడా నేనే. 'అజాగ్రత్తగా ఎక్కుతూ' అని రాశాను. ఆ మాట నాకెవరూ చెప్పలేదు.

ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక చూడడానికి పోయాను. భార్య బయట కొళాయి దగ్గర ఉంది. గదిలో మేమిద్దరమే.

"ఒకటి అడగల్ల సార్," అన్నాడు. "ఆ నున్న బండ మీద మీరు యాడ కాలు పెట్టినారు? పండుకోని ఊరికే అదే ఆలోచన చేస్తా ఉండా."

చెప్పడానికి అంతకన్నా మంచి సమయం నాకు మళ్లీ రాలేదు.

"ఎడమ పక్క," అన్నాను. "ఆడ ఒక చీలిక ఉండాది."

కళ్లు మూసుకున్నాడు. మనసులో ఎక్కుతున్నాడని అర్థమైంది.

"చూస్తిరా, నేను కుడి పక్క పోయినా. ఇంత వయసు ఉండి మీరు ఎక్కి దిగినారు. నాకు చేతకాలేదు, అంతే. ఇంగ ఎవుర్నీ అనేదానికి లేదు." కళ్లు తెరిచి నా ముఖం చూశాడు. "మీరెందుకు సార్ అట్ల అయిపోతారు? టీ తాగి పోండి."

టీ తాగాను.

కాళ్లు పోయిన మనిషికి ఇంకేం పోతుంది అనుకునేవాణ్ణి. చేతకానివాణ్ణని తనను తాను అనుకోవడం ప్రాణం పోయేదాకా పోదు. దాన్ని నేనే అతని చేతిలో పెట్టాను, అతను దాన్ని జాగ్రత్తగా దాచుకున్నాడు. ఎన్నోసార్లు చెబుదామని పోయాను. పోయిన ప్రతిసారీ మామిడికాయల ధర, రైలు ఆలస్యం మాట్లాడి వచ్చాను.

మొన్న నేనక్కడ ఉండగానే, ఒకప్పుడు అతనితో రైల్లో పోయొచ్చిన స్నేహితులిద్దరు వచ్చారు. ఆదివారం ఆ గుట్టకే పోతామన్నారు.

"పోండి. అయితే ఎడమ పక్కనే పోండప్పా," అన్నాడు మునిరత్నం. "చీలిక ఉండాది. సార్ చూసినారు."

ముగ్గురూ నావైపు చూశారు. వాన వచ్చేట్టుంది, వద్దులే అన్నాను. అయితే పై ఆదివారం పోతాం అన్నారు. అప్పుడూ నిజం చెప్పకుండానే లేచి వచ్చేశాను.

అందుకే రాస్తున్నాను. నా పేరు పెట్టడం లేదు. పెట్టకపోయినా అతనికి తెలుస్తుంది. పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒక్క అక్షరం వదలకుండా చదువుతాడు. చదివాక నన్ను గుమ్మం తొక్కనివ్వకపోవచ్చు. క్షమించమని అడగను. ఈ నాలుగు ముక్కలతో అతను లేచి కూర్చోడు. గుండెల మీద బరువు కొంచెం జరిగింది, నిజమే. అది నాకే, అతనికి కాదు.

నేను బండ కింద కూర్చున్నచోటు నుంచే తిరిగి వచ్చాను. ఆ బండకు ఎడమ పక్క ఏముందో నేను చూడలేదు.