పిన్ని వైపు గోడ

మా పక్కింటి పిన్ని పోయింది. పొద్దున్న ప్రార్థన చేసుకుంటూ మంచం మీదే ఒరిగిపోయిందట. కబురు వినగానే మా ఆవిడ ఏడుస్తూ పరుగెత్తింది. నేను మాత్రం వంటింట్లోనే నిలబడిపోయాను. మా వంటింటి గోడకి అవతలే పిన్ని మంచం.

వరసకి ఆమె పిన్ని కాదు. విజయనగరం వైపు నుంచి రైలు పట్టాల పనికొచ్చిన గ్యాంగ్‌మన్ భార్య. భర్త పోయాక ఈ గీదం ఊళ్ళోనే ఉండిపోయింది. నేను బచేలీ ఇనప గనిలో ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరయ్యాక ఆమె పక్కిల్లు కొన్నాను. రెండిళ్ళకీ మధ్య గోడ ఒక్కటే. బియ్యం కడిగిన నీళ్ళు మా ఆవిడ పారబోస్తే పిన్ని ఊరుకునేది కాదు. "నా కరేపాకు సెట్టుకియ్యమ్మా" అని గిన్నె పట్టుకుని వచ్చేసేది.

కంపెనీ క్వార్టర్లో కుళాయి కారితే ఫిర్యాదు పుస్తకంలో రాసేవాళ్ళం. ఎవరో వచ్చి బాగుచేసి పోయేవారు. పైపులు ఎటు పోతున్నాయో నేను ఎన్నడూ చూసిన పాపాన పోలేదు. సొంతిల్లు కొన్నా ఆ బుద్ధి మారలేదు.

మధ్య గోడకి చెమ్మ మొదట పిన్ని వైపు కనిపించింది. మా వైపు టైల్సు ఉన్నాయి కనుక మాకేమీ తెలియలేదు. ఆమె వచ్చి మెల్లగా చెబితే, "మీ పైపే కారుతుంటుంది, చూపించుకోండి" అని కసిరాను.

నాలుగో రోజు మళ్ళీ వచ్చింది.

"మా లైను కట్టేసి మూడు దినాలైంది బాబూ. బోరింగు నీళ్ళే మోస్తన్నాను. గోడ ఇంకా తడుస్తానే ఉంది. ఓపాలి వచ్చి సూడు."

డెబ్భై దాటిన మనిషి వీధి చివరి నుంచి బిందెలు మోసింది, తన తప్పు కాదని నాకు చూపించడానికి. నేను వెళ్ళలేదు. సాధిస్తోందనుకున్నాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ సిగ్గేస్తోంది.

మా ఆవిడ వెళ్ళి గోడ తడిమి చూసి వచ్చింది. "ఆవిడ తడి పక్కన పడుకుంటోంది. మీరు పిలవకపోతే ప్లంబర్ని నేనే పిలుస్తాను" అంది.

ప్లంబర్ మా కుళాయిలన్నీ కట్టేయించి, ట్యాంకులో కర్ర ముంచి నీళ్ళు కొలిచాడు. రెండు గంటలయ్యాక మళ్ళీ కొలిచాడు. బెత్తెడు తగ్గాయి. "పైప్ తో ఆప్ కా హీ హై, సాబ్" అన్నాడు. కారుతున్నది మా పైపే. దాన్ని అందుకోవాలంటే గోడ తవ్వాలి. మా వైపు నుంచైతే గ్రానైటు బండ, టైల్సు అన్నీ పగలాలి. ప్లంబర్ వెంట పిన్ని గదిలోకి వెళ్ళాను. పిన్ని అప్పటికే తన మంచం పక్కకి లాగుతోంది.

"మా వైపు నుండి కొట్టమను బాబూ. మాది ఉత్త సున్నం గోడే కదా."

పైపు బాగుచేసి, తవ్విన చోట సిమెంటు పూశాక పిన్ని నవ్వుతూ ఒక మాట అంది. "ఇల్లైతే కొన్నావు గానీ, నువ్వింకా కోటర్లోనే ఉన్నావు బాబూ."

ఆ క్షణాన క్షమించమని అడగాల్సింది. "గోడ ఆరాక సున్నం వేయిస్తాను పిన్నీ" అని మాత్రం అన్నాను. ఈలోగా వానలొచ్చాయి. వానలు పోయాక నా బద్ధకం మిగిలింది. ఎదురైనప్పుడల్లా క్షమించమన్న మాట నోటిదాకా వచ్చేది. కూరల ధర ఎత్తి తప్పించుకునేవాణ్ణి.

సమాధి చేసి పిన్ని ఇంటికి తిరిగొచ్చాక ఆమె కూతురు నా దగ్గరికొచ్చింది. కిరందుల్లో ఉంటుంది.

"అమ్మ ఫోన్లో చెప్పింది అన్నయ్యా. మా పైపు కారితే మీరే మనిషిని పిలిపించి, దగ్గరుండి బాగుచేయించారంట కదా. దూరంగా ఉన్నోళ్ళం, మాకు మీరే ధైర్యం."

పిన్ని నా పరువు కాపాడి పోయింది. గది నిండా చుట్టాలు. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. కానీ ఊరుకోలేకపోయాను.

"కాదమ్మా. కారింది మా పైపు. నేను మీ అమ్మనే నిందించాను. ఆవిడ ఉండగా తప్పు ఒప్పుకోలేకపోయాను."

ఆ అమ్మాయి లేచి మంచం పక్కకి వెళ్ళింది. సున్నం పడని ఆ సిమెంటు చోట అరచెయ్యి ఆనించింది.

"ఇప్పుడు తడి లేదన్నయ్యా" అంది. చెయ్యి మాత్రం చాలాసేపు అక్కణ్ణుంచి తీయలేదు.