సంతకానికి అసలు పేరు

తోటపల్లి గూడూరులో మా పక్కింటి రొయ్యల రైతు కూతురు ఒక ఓపెన్ సోర్స్ ప్రోగ్రాంలో తప్పు కనిపెట్టి సరిచేసింది. గుంటలో ఆక్సిజన్ తగ్గితే రైతు ఫోన్ మోగించే ప్రోగ్రాం అది. ఎవరైనా మార్పులు పంపవచ్చు. దాన్ని నడిపే విదేశీయులది ఒక్కటే షరతు: ఈ కోడ్ నేనే రాశాను, ఇచ్చే హక్కు నాకుంది అని అసలు పేరుతో సంతకం చేయాలి. లేకపోతే తీసుకోరు. రుజువు మాత్రం అడగరు.

ఆ అమ్మాయికి చర్చిలో ఒక పేరు, బడి రికార్డుల్లో ఇంకో పేరు. పత్రికలో ఉద్యోగం చేసినన్నాళ్లూ ‘మా విలేకరి’ అనే పేరుతోనే అచ్చయిన నన్ను సలహాకు పిలిచారు.

“దేవుడి ముందు పెట్టిందే అసలు పేరు,” అంది తల్లి.

“ఉద్యోగమిచ్చేది దేవుడా? సర్టిఫికెట్లో పేరే పెట్టు,” అన్నాడు తండ్రి.

“ఆలస్యమైతే ఇంకెవరో సరిచేసి పంపిస్తారు. ఏది పెట్టేది అంకుల్?” అంది అమ్మాయి.

“ఆ కోడ్ రాసేటప్పుడు నిన్ను ఏమని పిలిచారమ్మా?” అన్నాను.

“ఏమే, అన్నానికి రావా అని!”

చివరికి సర్టిఫికెట్లో ఉన్నట్టే, ఇంటిపేరు ముందు పెట్టి సంతకం చేసింది. మార్పు తీసుకున్నామని జవాబొచ్చింది. ముందున్నదే పిలిచే పేరనుకుని, వాళ్లు ఇంటిపేరుకు కృతజ్ఞతలు చెప్పారు.

“ఇంటిల్లిపాదికీ చెప్పినారు!” అని తండ్రి పొంగిపోయాడు.

తల్లి మాత్రం నావైపు తిరిగింది. “మేమేం రాయలేదే. ఇప్పుడు మేం కూడా సంతకం పెట్టాల్నా అన్నా?”